కోనసీమలో ఆస్పత్రి రికార్డులతో గాయాల లెక్క తీసే ముందు జాగ్రత్తలు

– ముందు ఎథిక్స్ కమిటీ (పరిశోధనలో రోగుల హక్కులు చూసే సంఘం) అనుమతి. పేర్లు, ఆధార్, ఫోన్ నంబర్లు తీసేశాకే ఫైలు తెరవండి. అయినా చిన్న లంక ఊళ్లో (గోదావరి పాయల మధ్య దీవిలో) వయసు, కులం, తేదీ చూస్తే మనిషెవరో ఇట్టే తెలిసిపోతుంది.

– గాయం కోడ్ ఒక్కటే చూడొద్దు. ఐసీడీ-10లో (జబ్బులు, గాయాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కోడ్‌ల జాబితా) తొడ ఎముక విరగడం ఎస్72, కొబ్బరి సహా ఏ చెట్టు మీంచి పడినా డబ్ల్యూ14. కారణం చెప్పే ఈ రెండో కోడ్ తరచూ ఖాళీ! "కింద పడ్డాడు" అని రాసి వదిలేస్తారు. వృత్తి గడిలో "కూలీ" అంటే దింపు కార్మికుడో (చెట్టెక్కి కొబ్బరికాయలు దింపేవాడు), రొయ్యల చెరువు కాపలాదారో ఎలా తెలుస్తుంది? అసమానత దాగేది అక్కడే.

– రేవు దాటలేక ఆర్‌ఎంపీ దగ్గరే కట్టు కట్టించుకున్నవాళ్లు రిజిస్టర్‌లో ఉండరు. లంకల్లో కేసులు తక్కువంటే గాయాలు తక్కువని కాదు.

– రిఫరల్ కేసులు (ఒక ఆస్పత్రి నుంచి మరో ఆస్పత్రికి పంపినవి) రెండుసార్లు లెక్కకు రాకుండా చూడాలి.

– 2022లో కోనసీమ వేరే జిల్లా అయింది. 2011 జనగణనలో ఆ జిల్లా లేదు కాబట్టి, అప్పటి జనాభాను మండలాలవారీగా కూడుకోండి.