కుక్క కరిచిన కోడికి ముందు చేయాల్సింది

కుక్కో ముంగిసో పట్టి వదిలిన కోడికి చాలామంది కాస్త పసుపు అద్ది మళ్లీ మందలోకి వదిలేస్తారు. దయచేసి అలా వదలొద్దు. నెత్తురు కనపడితే తోటి కోళ్లే అక్కడ పొడుస్తాయి, ఒక్కోసారి చంపేస్తాయి కూడా. ముందు దాన్ని విడిగా అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి, కాస్త చీకటిగా, వెచ్చగా ఉంచండి. దెబ్బను తట్టుకున్న కోడి కూడా ఆ బెదురుకి, చలికి పోవచ్చు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమి పట్టుకోండి. గాయం చుట్టూ ఈకలు కత్తిరించండి, పీకొద్దు. అర లీటరు నీళ్లు మరిగించి చల్లార్చి, చిన్న చెంచాడు ఉప్పు కలిపి, సూది తీసేసిన సిరంజితో గాయం లోపలిదాకా కడగండి. తర్వాత నీళ్లలో పల్చగా కలిపిన బీటాడిన్ అద్దండి.

పంటి గాటు పైకి చిన్నగానే కనిపిస్తుంది గానీ లోతుగా దిగి చీము పడుతుంది. అందుకే పశువుల డాక్టరుకి చూపించాల్సిందే. ఏపీలో, తెలంగాణలో 1962కి ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం గురించి అడగొచ్చు. మనం వాడే నొప్పి మాత్రలు మీ అంతట మీరు వేయకండి.

ఈగలు వాలితే పురుగు పడుతుంది. పెట్టె మీద దోమతెర కప్పి, రోజుకి రెండుసార్లు గాయం చూడండి. నీళ్లు గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు అంచున చుక్కచుక్కగా పెట్టండి, అదే తాగుతుంది. యాంటీబయాటిక్ వాడుతుంటే గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో డాక్టర్ని అడగండి.