అంబాసిడర్ బీడింగ్ కింద తుప్పు: విప్పడం నుంచి బిగించడం దాకా

పాత అంబాసిడర్ తలుపుల వెంట సాగే మెరుపు పట్టీ (బీడింగ్) మీద గోధుమరంగు చుక్కలు కనిపిస్తే చెయ్యి ముందు పాలిష్ డబ్బా మీదికే పోతుంది. అసలు జబ్బు పట్టీ కింద ఉంటుంది, పట్టీని పట్టి ఉంచే క్లిప్పు రేకులోకి దిగిన కన్నం చుట్టూ. క్లిప్పును నొక్కినప్పుడే కన్నం అంచున పెయింటు గీసుకుపోతుంది. పట్టీ వెనక మట్టి చేరి, వాన వెలిశాక కూడా రోజుల తరబడి తడి పట్టుకుని ఉంటుంది. పట్టీ స్టెయిన్‌లెస్ అయితే ఇంకా చేటు: తడిలో స్టెయిన్‌లెస్, బాడీ ఉక్కు ఒకదానికొకటి తాకుతుంటే అరిగిపోయేది బాడీ రేకే. కాకినాడ, విశాఖ ఉప్పుగాలిలో తిరిగిన బండికి ఇది రెట్టింపు.

విప్పే ముందు ప్రతి ముక్కకూ ఫోటో తీసి, వెనక నంబరు రాయండి. స్క్రూడ్రైవరుతో మధ్యలో ఎత్తారా, పట్టీ మడత పడుతుంది. ఆ మడత ఎంత కొట్టినా పూర్తిగా పోదు. బాడీ మీద మాస్కింగ్ టేపు రెండు పొరలు వేసి, పుట్టీ పూసే వెడల్పాటి ప్లాస్టిక్ రేకును ఒక్కో క్లిప్పు దగ్గరా దూర్చి కొంచెం కొంచెంగా లేపండి. చివర్లలో కదలకపోతే లోపల నట్టు ఉందని అర్థం. తలుపు లోపలి అట్ట తీయాల్సిందే. బంపరు బోల్టులకు ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. పాత బండ్లలో ఇంచీ కొలత బోల్టులు ఎక్కువ. దగ్గరగా పట్టింది కదా అని మిల్లీమీటరు స్పానరు వేస్తే తల గుండ్రమైపోతుంది.

ఇప్పుడు ఏ ముక్క ఏ లోహమో తేల్చుకోండి, ఎందుకంటే ఒకదానికి మందు మరోదానికి విషం. అయస్కాంతం గట్టిగా అంటుకుని తుప్పు చుక్కలుంటే క్రోమ్ వేసిన ఉక్కు. అంటుకున్నా తుప్పు జాడ లేకపోతే 430 రకం స్టెయిన్‌లెస్ కావచ్చు. కారు పట్టీలకు దాన్ని బాగా వాడారు. అంటుకోకుండా, తేలిగ్గా ఉండి తెల్లపొడి రాలితే అల్యూమినియం. అంటుకోకుండా బరువుగా ఉండి పైన పొక్కులు లేస్తే జింకు పోత (కరిగించి అచ్చులో పోసినది): హ్యాండిళ్లు, బ్యాడ్జీలు ఇలాంటివే. ఈ చివరి రెంటినీ ఆమ్లంలో వేయకూడదు.

ఉక్కు ముక్క మీద పైపై తుప్పయితే వంటింటి అల్యూమినియం రేకును ఉండ చుట్టి, నీళ్లలో ముంచి రుద్దితే చాలు. అది క్రోమ్ కంటే మెత్తన, గీతలు పడవు. వాటర్ పేపరు (తడిపి రుద్దే గరుకు కాగితం) మాత్రం క్రోమ్‌కు తగలనివ్వకండి. తుప్పు లోతుగా ఉంటే ప్లాస్టిక్ తొట్టిలో లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి నానబెట్టి, రెండేసి గంటలకు తీసి నైలాన్ బ్రష్‌తో తోమండి. తర్వాత వంటసోడా నీళ్లలో ముంచి, కడిగి, హెయిర్ డ్రయ్యరుతో వెంటనే ఆరబెట్టాలి. గాలికి వదిలేస్తే గంటలోపే కొత్త తుప్పు పూస్తుంది. బాత్రూం యాసిడ్ జోలికి పోవద్దు: క్రోమ్‌నే కరిగించేస్తుంది, దాని పొగకు షెడ్డులోని పనిముట్లన్నీ తుప్పు పడతాయి. స్ప్రింగు ఉక్కు క్లిప్పుల్ని ఏ ఆమ్లంలోనూ నానబెట్టకండి. హైడ్రోజన్ లోపలికి చేరి పెళుసెక్కి, బిగించేటప్పుడు విరుగుతాయి. కన్నం సైజు వెర్నియర్ కొలబద్దతో కొలిచి, సరిపోయే నైలాన్ క్లిప్పులు కొనుక్కోవడం మేలు.

ఇక రేకు. కన్నం చుట్టూ పెయింటును మెరిసే లోహం వచ్చేదాకా, తుప్పు ఆగిన చోటు దాటి ఇంకో రెండు సెంటీమీటర్లు గీకండి. సూదితో పొడవండి, దిగితే ఆ రేకు చచ్చినట్టే. అంచు గట్టిగా ఉండి, కన్నం కాస్త పెద్దదైతే వెనక రాగి దిమ్మ ఆనించి మిగ్ వెల్డింగుతో (తీగ కరిగించి అతికే పద్ధతి) చిన్న చిన్న చుక్కలుగా నింపించండి. వెల్డు రాగికి అంటదు. ఒకేసారి గీతలా లాగితే వేడికి తలుపు రేకు ఉబ్బి, దాన్ని సాపు చేయడం అసలు పనికంటే పెద్దదవుతుంది. చల్లారాక అరగదీసి, పాత ఫోటో చూసుకుని కన్నం మళ్లీ వేయాలి. చాలా షెడ్లలో కన్నాన్ని పుట్టీతో పూడ్చేస్తారు. పుట్టీ తేమ పీలుస్తుంది కాబట్టి వెనక తడి ఉన్న చోట కొన్నాళ్లకే బుడగ లేస్తుంది.

వెల్డు పడని గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న రస్ట్ కన్వర్టరు (తుప్పును గట్టి పొరగా మార్చే మందు) పూయొచ్చు. డబ్బా మీద రాసినంతసేపు ఉంచి, బాగా కడిగి ఆరబెట్టాకే రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ ప్రైమరు (పెయింటు కింద వేసే పూత) రెండు కోట్లు వేయాలి. ఆమ్లం మిగిలితే ఎపాక్సీ పట్టదు. కన్నం లోపలి అంచుకు స్ప్రే అందదు. సన్నటి కుంచెతో విడిగా పూయండి. ఈ ఒక్క పని ఎగ్గొట్టినందుకే ఎక్కువ బండ్లు రెండోసారి షెడ్డుకొస్తాయి.

గుంటలు పడ్డ బంపరుకు మళ్లీ ప్లేటింగే దారి, అది ఇంట్లో చేసేది కాదు. ఆ ద్రావణాలు ప్రాణాంతకం. సొట్టలు ముందే తీయించండి. ప్లేటింగ్ వాళ్లకు రాగి, నికెల్, క్రోమ్ మూడు పొరలూ కావాలనీ, గుంటలు రాగితో నిండేదాకా వేసి బఫింగ్ (చక్రంతో నునుపు) చేయాలనీ ముందే తేల్చి చెప్పండి. పైన కనిపించే క్రోమ్ సాధారణంగా మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సగం కూడా ఉండదు. కాపాడేది కిందున్న నికెలే. బంపరు లోపలి వైపుకు ప్లేటింగ్ సరిగా ఎక్కదు కాబట్టి తిరిగొచ్చాక అక్కడ ఎపాక్సీ ప్రైమరు కొట్టండి.

ప్రైమరు మీద పెయింటు వేసిన వారం తర్వాతే పట్టీలు బిగించండి. మాస్కింగ్ టేపుతో గీత నిలుపుకుని, ప్రతి క్లిప్పు చుట్టూ కొంచెం బ్యూటైల్ సీలెంట్ (నీళ్లు దూరనివ్వని రబ్బరు జిగురు) పెట్టి నొక్కాలి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, అది రేకును తినేస్తుంది. లోపలి అట్ట పెట్టే ముందు క్లిప్పుల వెనక క్యావిటీ వ్యాక్స్ (లోపలి ఖాళీల్లో కొట్టే మైనం) కొట్టి, తలుపు అడుగున నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోలేదని తీగ దూర్చి చూసుకోండి.