గుర్రం మెడ గట్టిపడిందా? ఇన్సులిన్ చూపించండి

విజయనగరంలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాన్ని పెంచుతున్నాను. జూలు కింద మెడను చేత్తో పట్టి అటూ ఇటూ ఊపి చూడండి. కొవ్వు గట్టిపడి కదలకపోతే ఒంట్లో ఇన్సులిన్ పెరిగిందేమోనని అనుమానించాల్సిందే. గ్లూకోమీటర్‌తో సరిపెట్టుకోవద్దు. గుర్రాల్లో చక్కెర మామూలుగానే ఉండి, ఇన్సులిన్ పెరిగిపోతుంటుంది. పశువైద్యుడితో రక్తం తీయించి ఇన్సులిన్ పరీక్ష చేయించండి. ముందు 4 గంటలు దాణా వద్దు, ఎండుగడ్డి పెట్టొచ్చు. నొప్పితో, బెదురుతో ఉన్నప్పుడు తీస్తే లెక్క తప్పుతుంది.

ఇన్సులిన్ పెరిగితే గిట్టలు దెబ్బతింటాయి. గిట్ట వేడెక్కి, బరువు వెనక్కి వేసి నిలబడితే అదే రోజు డాక్టరును పిలవండి.

బెల్లం, తవుడు, ఊరేగింపులో జనం ప్రేమగా తినిపించే లడ్డూలు, అన్నీ ఆపాలి. ఎండుగడ్డిని గంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టండి. 300 కిలోల గుర్రానికి రోజుకు 4.5 కిలోలు, నానబెట్టక ముందే తూచాలి. పస్తు మాత్రం పెట్టకండి, ప్రాణం మీదికొస్తుంది.