డిలీట్ చేసినా మళ్ళీ వస్తున్న ట్రోజన్ ఫైల్: సమస్య - పరిష్కారం

సమస్య ఇలా ఉంటుంది. యాంటీవైరస్ ట్రోజన్ (మంచి ప్రోగ్రామ్‌లా నటించే హానికర ప్రోగ్రామ్) దొరికింది, తీసేశాను అంటుంది, హమ్మయ్య అనుకుని సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే అదే ఫైల్ అదే ఫోల్డర్‌లో మళ్ళీ కూర్చుని ఉంటుంది. ఇంకోసారి తీస్తే ఇంకోసారి వస్తుంది. ఇక్కడ దాదాపు అందరూ ఆ ఫైల్ వెంటే పడతారు గానీ ప్రతిసారీ దాన్ని తెచ్చి పెడుతున్నది ఏంటో వెతకరు, అసలు పని అక్కడే ఉంది. విండోస్ 10, 11 రెండింటికీ కింద చెప్పేవి పనికొస్తాయి.

అన్నిటికంటే ముందు నెట్ తీసేయండి, వైఫై ఆఫ్ చేయండి లేదా కేబుల్ పీకేయండి. ఆ కంప్యూటర్‌లో బ్యాంక్, మెయిల్ ఏదీ ఓపెన్ చేయొద్దు, పాస్‌వర్డ్‌లు కూడా ఇప్పుడే దాంట్లో మార్చొద్దు, కొత్తవి కూడా ఆ ట్రోజన్‌కే దొరికిపోతాయి.

లక్షణాలు చూసి కారణం పట్టుకోవడం

సిస్టమ్ స్లో అయింది అన్నంత మాత్రాన ట్రోజన్ అనుకోకండి, డిస్క్ నిండిపోయినా అప్‌డేట్ నడుస్తున్నా స్లో అవుతుంది. నిజంగా అనుమానించాల్సినవి వేరే ఉన్నాయి. ఏమీ ఓపెన్ చేయకుండానే ఫ్యాన్ గట్టిగా తిరుగుతూ, టాస్క్ మేనేజర్ తెరవగానే సీపీయూ వాడకం టక్కున పడిపోతోందంటే మైనర్ రకం (మన కంప్యూటర్‌తో దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ తయారు చేసుకునేది) ఏదో దాక్కుంటూ ఉండొచ్చు. యాంటీవైరస్ సైట్లు మాత్రమే ఓపెన్ అవ్వకుండా మిగతావన్నీ బాగానే వస్తుంటే హోస్ట్స్ ఫైల్‌నో (ఏ సైట్ పేరు ఏ అడ్రస్‌కి వెళ్ళాలో రాసుండే ఫైల్) ప్రాక్సీ సెట్టింగ్‌నో (నెట్‌ని మధ్యలో ఇంకో కంప్యూటర్ మీదుగా పంపేది) కదిపి ఉండొచ్చు. విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ దానంతటదే ఆఫ్ అయిపోతుంటే, లాగిన్ అవ్వగానే నల్ల కమాండ్ విండో ఒకటి మెరిసి మాయమవుతుంటే, మీరు పంపని మెసేజ్‌లు మీ అకౌంట్ నుంచి వెళ్తుంటే ఇక ఆలస్యం చేయొద్దు.

ఇది వచ్చే దారి చాలావరకు మనం ఓపెన్ చేసిన ఫైలే. వైరస్‌లా ట్రోజన్ తనంతట తాను ఇంకో ఫైల్‌కి అంటుకోదు, మంచి ప్రోగ్రామ్‌లా కనిపించి మనచేతే రన్ చేయించుకుంటుంది. డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ వాడుకోడానికి దించుకునే క్రాక్‌లు, కీజెన్‌లు, ఇంకా గేమ్ చీట్‌లు ఇలా తెచ్చిపెట్టేవే ఎక్కువ, "ఇన్‌స్టాల్ చేసేముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి" అని రాసుంటే దాన్ని అక్కడే వదిలేయండి. ఇంకో మోసం ఏంటంటే, విండోస్ మామూలుగా ఫైల్ ఎక్స్‌టెన్షన్ (పేరు చివర ఫైల్ రకాన్ని చెప్పే అక్షరాలు) దాచేస్తుంది కాబట్టి పేరు చివర పీడీఎఫ్ అని కనిపించినా దాని వెనక ఈఎక్స్‌ఈ (రన్ అయ్యే ప్రోగ్రామ్ ఫైల్) ఉండొచ్చు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్ళి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేసుకోండి, ఒక్క నిమిషం పని, ఎప్పటికీ పనికొస్తుంది.

అది నిజంగా ట్రోజనేనా?

తీసే ముందు ఇది తేల్చుకోవాలి, సిస్టమ్‌కి కావాల్సిన ఫైల్ తీసేస్తే ఇంకో తలనొప్పి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి, అనుమానం ఉన్న దాని మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ కొట్టండి. పేరు కంటే అడ్రసే ముఖ్యం. విండోస్ సర్వీసులని నడిపే ఎస్‌వీసీహోస్ట్ (svchost) అనే పేరుతో చాలా ప్రాసెస్‌లు కనిపిస్తాయి, అన్ని ఉండటం మామూలే, భయపడొద్దు, కానీ అసలుది సి డ్రైవ్ విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32 (System32) లేదా సిస్‌వావ్64 (SysWOW64)లోనే ఉంటుంది. అదే పేరు యాప్‌డేటాలోని రోమింగ్‌లోనో టెంప్‌లోనో ప్రోగ్రామ్‌డేటాలోనో కనిపిస్తే అది దొంగే. పేరులో ఒక అక్షరం మార్చి పెట్టడం కూడా చేస్తారు, నిదానంగా చదవండి.

తర్వాత ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ ట్యాబ్ చూడండి. సంతకం లేకపోతే అనుమానం పెరుగుతుంది, అయితే ఇదొక్కటే రుజువు కాదు, చిన్న డెవలపర్లు చాలామంది సంతకం చేయరు, విండోస్ సొంత ఫైళ్ళలో కూడా కొన్నిటికి ఆ ట్యాబ్ కనిపించదు. ఇంకా తేలకపోతే కాసేపు నెట్ ఆన్ చేసి ఫైల్‌ని వైరస్‌టోటల్ అనే సైట్‌లో వేయండి, పదుల కొద్దీ యాంటీవైరస్ ఇంజిన్లు ఒకేసారి చూసి చెప్తాయి. ఒకటి రెండు మాత్రమే ఎర్రగా చూపించి, పేర్లలో జెనరిక్ అనో హ్యూరిస్టిక్ అనో (అంటే పోలికని బట్టి ఊహించింది) ఉంటే పొరపాటు అలర్ట్ అయ్యే అవకాశం ఉంది. పేరున్న ఇంజిన్లు చాలా ఒకే మాట చెప్తే ఇక సందేహం వద్దు. సొంత డాక్యుమెంట్లు మాత్రం అక్కడ అప్‌లోడ్ చేయకండి, వేసిన ఫైళ్ళు భద్రతా పరిశోధకులకి, కంపెనీలకి అందుతాయి. నెట్ ఉన్నప్పుడే మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్‌తో పాటు తమంతట తామే మొదలయ్యేవన్నీ చూపించే ఆటోరన్స్ అనే ఉచిత టూల్ దించుకుని మళ్ళీ నెట్ తీసేయండి.

మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తోంది

ఆటోరన్స్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేయండి. ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచేయమని పెడితే లిస్ట్ చాలా తగ్గుతుంది, అప్పుడు లాగాన్, షెడ్యూల్డ్ టాస్క్స్, సర్వీసెస్ ఈ మూడు ట్యాబ్‌లు ఓపిగ్గా చూడండి. నా లెక్కలో షెడ్యూల్డ్ టాస్క్‌లే (ఫలానా టైమ్‌కి దానంతటదే నడిచేలా పెట్టిన పనులు) అందరూ మర్చిపోయే చోటు. టాస్క్ మేనేజర్ స్టార్టప్ ట్యాబ్‌లో ఇవి కనిపించవు, అక్కడ ఖాళీగా ఉంది కదా అని వదిలేస్తారు, ఈలోపు అప్‌డేటర్ లాంటి పేరు పెట్టుకున్న టాస్క్ ఒకటి గంటకోసారి లేచి ఫైల్‌ని మళ్ళీ దించుతుంటుంది. ఒక్కోసారి ఆ టాస్క్ ఏ ఈఎక్స్‌ఈనీ నేరుగా పిలవదు, విండోస్‌లో ఉండే పవర్‌షెల్ అనే కమాండ్ టూల్‌నే పిలిచి దాని పక్కన అర్థంకాని పొడుగాటి అక్షరాల తోక తగిలిస్తుంది. అందుకే విండోస్ సొంత టాస్క్ షెడ్యూలర్ కూడా తెరిచి అనుమానం ఉన్న టాస్క్‌ల యాక్షన్స్ ట్యాబ్‌లో ఏం రాసుందో చదవండి. వెంటనే డిలీట్ కొట్టకుండా ముందు ఆటోరన్స్‌లో దాని టిక్ తీసేయండి, పొరపాటైతే తిరిగి పెట్టుకోవచ్చు.

ఇంకో చోటు డిఫెండర్ ఎక్స్‌క్లూజన్స్, అంటే స్కాన్ చేయకుండా వదిలేయమని చెప్పిన వాటి లిస్ట్. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, అందులో మేనేజ్ సెట్టింగ్స్, కింద ఎక్స్‌క్లూజన్స్. మీరు పెట్టని ఫోల్డర్ అక్కడ ఉంటే, ఒక్కోసారి సి డ్రైవ్ మొత్తం ఉంటుంది, ఎన్ని స్కాన్‌లు చేసినా ఏమీ దొరకదు. అది తీసేయండి, అదే పేజీలో ఉన్న ట్యాంపర్ ప్రొటెక్షన్ (డిఫెండర్ సెట్టింగ్‌లని వేరే ప్రోగ్రామ్‌లు మార్చకుండా ఆపేది) ఆన్‌లో ఉందో లేదో చూడండి.

తీసే వరస

టాస్క్‌లు, స్టార్టప్ ఎంట్రీలు ఆపాక షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ కొట్టి ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, మళ్ళీ రీస్టార్ట్, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్ (అవసరమైన వాటితో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) వస్తుంది. డ్రైవ్‌కి బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే రికవరీ కీ అడగొచ్చు, ముందే దగ్గర పెట్టుకోండి. సేఫ్ మోడ్‌లో ఆ ఫైల్ సాధారణంగా రన్ అవ్వదు కాబట్టి వాడుకలో ఉంది తీయలేం అనే మెసేజ్ రాదు, ఫైల్‌తో పాటు దాని ఫోల్డర్ కూడా తీసేయండి. మామూలు మోడ్‌కి వచ్చాక విండోస్ సెక్యూరిటీ స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి విండోస్ లేవకముందే స్కాన్ చేస్తుంది, సుమారు 15 నిమిషాలు పడుతుంది, లోతుగా దాక్కున్నవి దీనికి దొరుకుతాయి.

ఇంత చేశాక కూడా అదే పేరు డిఫెండర్ ప్రొటెక్షన్ హిస్టరీ లిస్ట్‌లో కనిపిస్తే తేదీ, టైమ్ చూడండి, అది పాత రికార్డులని కూడా చూపిస్తుంది. నెట్ రాకపోతే సెట్టింగ్స్‌లో ప్రాక్సీ ఆఫ్ చేయండి.

పాస్‌వర్డ్‌లు వేరే మంచి ఫోన్ నుంచో కంప్యూటర్ నుంచో మార్చండి, మెయిల్‌ది మొదట, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే రీసెట్ అవుతాయి. సమాచారం దొంగిలించే ట్రోజన్లు బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్న సెషన్‌ని కూడా ఎత్తుకెళ్తాయి, అందుకే ప్రతి అకౌంట్‌లో అన్ని డివైస్‌ల నుంచి సైన్ అవుట్ చేసి, రెండంచెల వెరిఫికేషన్ పెట్టండి.

మౌస్ దానంతటదే కదిలినా, ఆఫ్‌లైన్ స్కాన్ తర్వాత కూడా డిఫెండర్ ఆఫ్ అయిపోతున్నా ఇక శుభ్రం చేస్తూ కూర్చోకండి. ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రం బ్యాకప్ తీసుకుని, ఈఎక్స్‌ఈలు, జిప్‌లు వదిలేసి, వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్ చేసుకుని విండోస్ కొత్తగా వేసేయండి, పాత విండోస్ ఉన్న పార్టిషన్ (డిస్క్‌లోని భాగం) డిలీట్ చేసి మరీ. దాచుకున్న ఫైళ్ళని కొత్త విండోస్‌లో ఒకసారి స్కాన్ చేశాకే ఓపెన్ చేయండి.