డిస్టోపియా నవల చదవడం, 3వ పాఠం: పగ్గాలు చేతికెలా వచ్చాయి?

గత పాఠంలో డిస్టోపియా (పీడకల లాంటి ఊహా సమాజం) నవలలోని సమాజం వేటిని నిషేధించిందో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. ఈసారి ఆ నిషేధానికి ముందటి రోజుల్లోకి వెళ్దాం. నియంతలు క్రూరులని తెలుసుకోవడానికి ఈ నవలలు చదవనక్కర్లేదు. వాళ్లు రాకముందే జనం దగ్గర ఏ వస్తువు, ఏ అలవాటు ఉందో, అదే వాళ్ల చేతికి ఎలా ఆయుధమైందో చూడాలి. నా దృష్టిలో అసలు హెచ్చరిక అక్కడే ఉంది.

మార్గరెట్ ఆట్‌వుడ్ నవల ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ 1985లో వచ్చింది. అమెరికా గడ్డ మీద గిలియడ్ అనే మతరాజ్యం ఏర్పడుతుంది. అక్కడ ఆడవాళ్లు చదవడమే నేరం. పై అధికారుల కోసం పిల్లల్ని కనాల్సిన హ్యాండ్‌మెయిడ్‌ల ఎర్ర దుస్తులు, శవాలు వేలాడే గోడ మొదట మన దృష్టిని లాగేస్తాయి. వాటిని కాసేపు పక్కన పెట్టి, కథ చెప్పే ఆమె పాత రోజుల్ని తలచుకునే అధ్యాయం తీయండి.

అప్పటికే కాగితం నోట్లు పోయాయి. డబ్బంతా కార్డుల్లోనే. దేశాధ్యక్షుణ్ణి చంపేశారు, రాజ్యాంగాన్ని తాత్కాలికమంటూ పక్కన పెట్టారు, పత్రికల మీద సెన్సార్ పెట్టారు. భద్రత కోసమే కదా అని జనం సరిపెట్టుకున్నారు. ఒకరోజు ఆమె సిగరెట్లు కొనబోతే కార్డు పనిచేయదు. అదే రోజు ఆఫీసులో ఆడవాళ్లందరినీ ఉద్యోగాల్లోంచి తీసేస్తారు. ఆడవాళ్ల ఖాతాలన్నీ ఆపేశారని, ఆ డబ్బు మీద హక్కు ఇక భర్తకో, దగ్గరి మగ బంధువుకో వెళ్తుందని స్నేహితురాలు మోయిరా చెబుతుంది.

ఇక్కడ పుస్తకం మూసి, పెన్సిల్ పట్టుకోండి. వాడిన సాధనం ఏమిటి? కార్డు, ఖాతా వివరాల్లో ఆడా మగా అని తెలిపే ఒక్క అక్షరం. అణచివేత కోసమని వాటినెవరూ తయారుచేయలేదు. ఆపే అధికారం ఎన్ని చేతుల్లో ఉంది? ఒక్కచోటే. అందుకే కొన్ని గంటల్లో పని అయిపోయింది. మరి లాభం ఎవరికి?

ఈ మూడో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగండి. ఆమె భర్త లూక్ చెడ్డవాడు కాదు, ఆమెను ప్రేమిస్తాడు. నిన్ను నేను చూసుకుంటానంటూ ధైర్యం చెబుతాడు. కానీ జరిగినదానికి అతను పెద్దగా బాధపడటం లేదని, బహుశా అతనికిది నచ్చిందేమోనని ఆమెకు అనుమానం వస్తుంది. నవల మొత్తంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఈ అనుమానమే. తుపాకీ ఇంట్లోకి రాలేదు. ఇద్దరి మధ్య సమానత్వం మాత్రం ఆ రాత్రే పోయింది.

తర్వాత చరిత్రలోకి చూడండి. మనుషులు ఎక్కడో ఒకచోట ఇదివరకే చేయని పనేదీ ఈ నవలలో పెట్టకూడదని ఆట్‌వుడ్ నియమం పెట్టుకున్నారు. ఉదాహరణకు, జనాభా పెంచాలని 1966లో రుమేనియాలో చౌషెస్కూ ప్రభుత్వం గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించింది. స్త్రీ శరీరాన్ని రాజ్యం తన ఆస్తిగా లెక్కవేయడం కల్పన కాదన్నమాట.

ఒక జాగ్రత్త. ఫోన్‌తో కూరగాయలకు డబ్బు కడుతున్నాం కాబట్టి మనమూ గిలియడ్‌లో ఉన్నామనేయడం తొందరపాటు. ఖాతా ఆపితే ఎవరిని అడగొచ్చు, ఏ కోర్టుకు వెళ్లొచ్చు అన్నదే తేడా. ఆ నవలలో ఆమెకు వెళ్లడానికి ఒక్క తలుపూ లేదు.

అభ్యాసం: రే బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ (1953)లో, పుస్తకాలు తగలబెట్టే ఉద్యోగంలో ఉండి మంచం పట్టిన మోంటాగ్ దగ్గరికి అతని పై అధికారి బీటీ వచ్చి చేసే సుదీర్ఘ ప్రసంగం చదవండి. జనం పుస్తకాలు వదిలేయడం ముందా, ప్రభుత్వం తగలబెట్టడం ముందా? జవాబు దొరికే వాక్యాల కింద గీత గీయండి. ఆ తర్వాత మీరు రోజూ వాడే ఒక సదుపాయం గురించి అర పేజీ రాయండి: దాన్ని ఎవరు ఆపగలరు, ఆపితే మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు?

వచ్చే పాఠంలో రష్యన్ రచయిత జమ్యాతిన్ నవల ‘వీ’ (We, అంటే ‘మేము’)లోని గాజు ఇళ్లు చూద్దాం.