మొక్కకు పాట వినపడుతుందా? పెసర మొక్కలతో శబ్దాల గది ఇలా కట్టండి

సంగీతం వింటే మొక్కలు ఏపుగా పెరుగుతాయన్న మాట మనకు కొత్త కాదు. తమిళనాడులోని అన్నామలై విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రవేత్త టి.సి.సింగ్ ఎప్పుడో దీనిపై ప్రయోగాలు చేశారు. అది ఎంతవరకు నిజమో చూసేవాళ్లే తేల్చుకునేలా ఊరి బడిలో ఒక కళా ప్రదర్శన పెట్టొచ్చు.

ఒకే దిక్కుకు కిటికీలున్న రెండు గదులు తీసుకోండి. వరికోతలయ్యాక మాగాణుల్లో చల్లే పెసలు చాలు, త్వరగా మొలుస్తాయి. రాత్రంతా నానబెట్టి, గదికి పది కుండీల చొప్పున నాటండి. కడియం నర్సరీల్లో వాడే కొబ్బరి పొట్టు, మట్టి కలిపితే సరి. అన్నిటికీ కొలిచి ఒకేలా నీళ్లు పోయండి.

ఇక శబ్దం. సినిమా పాటలు వద్దంటాను, జనం పాట వింటూ మొక్కను మర్చిపోతారు. ధవళేశ్వరం లాకుల దగ్గర నీటి హోరు, చేలో కప్పల బెకబెకలు, డీజిల్ ఇంజన్ డుగుడుగు... వీటిలో ఒకటి ఫోన్‌లో రికార్డు చేయండి. మొక్కకు చెవులు లేవు, తగిలేది ప్రకంపనే. గొంగళి పురుగు ఆకు నమిలేటప్పుడు పుట్టే ప్రకంపనలను ఆకులకు అందిస్తే, తర్వాత పురుగు పట్టినప్పుడు అవి రక్షణ రసాయనాలను ఎక్కువగా తయారుచేశాయని 2014లో మిస్సోరి విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు.

రోజూ ఒకే వేళకు, మాటలు వినిపించేంత శబ్దంతో రెండు గంటలు వినిపించండి. రెండో గదిలోనూ స్పీకర్ ఉండాలి, కానీ మోగకూడదు. అసలు ప్రదర్శనంతా ఆ మూగ స్పీకర్ మీదే నిలబడుతుంది. రెండు గదులకూ తేడా శబ్దం ఒక్కటే కావాలి, లేకపోతే మొక్క ఎందుకు పెరిగిందో ఎవరూ చెప్పలేరు. రోజు విడిచి రోజు కుండీలను, స్పీకర్లను కలిపి గదులు మార్చండి, వెలుగులో తేడా సర్దుకుంటుంది.

రోజూ స్కేలుతో ఎత్తులు కొలిచి సగటు తీయండి. అంత పొడవున దారం కత్తిరించి వసారాలో వేలాడదీయండి: శబ్దం విన్న కుండీలకు ఎరుపు, విననివాటికి తెలుపు. పది రోజులకు రెండు వరుసలూ పక్కపక్కనే మెట్లలా పొడవు పెరుగుతూ కనిపిస్తాయి. తేడా రాకపోయినా దారాలు తీసేయకండి, కత్తెరతో సర్దకండి.

కుండీల ముందు తాడు కట్టడం మర్చిపోవద్దు. మాటిమాటికీ తాకితే చాలా మొక్కలు పొట్టిగా ఉండిపోతాయి. పిల్లలు ఆగరు మరి.

సంక్రాంతి రోజుల్లో మాత్రం పెట్టకండి. ఆ మైకుల మోతలో నిశ్శబ్దపు గది ఊళ్లో ఎక్కడా దొరకదు.