ఇంగ్లిషు మాటలు, వాటి వేళ్లు – 6వ భాగం: అసాల్ట్

పోయిన భాగంలో ‘స్పెక్ట్’ అనే వేరు చూశాం. ఇన్‌స్పెక్టర్‌నీ, రెస్పెక్ట్‌నీ మీరే విడదీసి ఉంటారు, కాబట్టి దాన్ని మళ్లీ తవ్వను. ఈసారి మాట ఇంగ్లిషు పేపర్లో రోజూ కనిపించేదే: అసాల్ట్. ఏ, డబుల్ ఎస్, ఏ, యు, ఎల్, టి. పలికేటప్పుడు ఊనిక ‘సాల్ట్’ మీద పడాలి. చివర ‘టు’ అని సాగదీయకండి.

ఆ సాల్ట్‌కీ ఉప్పుకీ ఏ సంబంధమూ లేదు. లాటిన్‌లో ‘సలిరె’ అంటే దూకడం. ‘అద్’ అంటే వైపు. రెండూ కలిసి, ‘ద్’ కాస్తా ‘స’లో కలిసిపోయి డబుల్ ఎస్ అయింది. మొత్తం అర్థం మీదికి దూకడం. బెజవాడలో ఏదైనా తగాదా చూసొచ్చినవాణ్ని ఏమైందని అడగండి. ‘వాడు వీడి మీదికి దూకాడండీ’ అంటాడు. లాటిన్ ముక్క రాకపోయినా సరిగ్గా అదే బొమ్మ.

ఈ మాట లాటిన్ నుంచి ఫ్రెంచిలోకి వెళ్లినప్పుడు ఎల్ రాలిపోయింది. ఇంగ్లిషువాళ్లు మొదట ఎల్ లేకుండానే తెచ్చుకున్నారు. తర్వాతెప్పుడో చదువుకున్నవాళ్లు లాటిన్ వైపు చూసి దాన్ని మళ్లీ అతికించారు. ‘ఫాల్ట్’ కథా ఇంతే.

దీని చుట్టాలు: అసెయిల్, సోమర్‌సాల్ట్ (పిల్లిమొగ్గ), రిజల్ట్ (వెనక్కి ఎగిరి వచ్చేది), రెజిలియంట్. ఇన్‌సల్ట్ కూడా. ఒకరి మీదెక్కి గంతులేయడం అని దాని మొదటి అర్థం. పరీక్షల్లో కొందరు ‘అల్ట్’ కనబడగానే అడల్ట్‌నీ, కన్సల్ట్‌నీ ఇందులో కలిపేస్తారు. అవి వేరే ఇంటివి.

ఇప్పుడు అసలు సంగతి. దాడి అనగానే మనకు దెబ్బ పడినట్టే లెక్క. మామూలు ఇంగ్లిషులో అసాల్ట్‌ని అలా వాడినా తప్పు లేదు. కానీ చట్టం ఆ పాత దూకుడు దగ్గరే ఆగింది. 1860 నాటి ఐపీసీలో 351వ సెక్షన్, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 130వ సెక్షన్, రెండూ చెప్పేది ఒకటే. ఎదుటివాడు ఇప్పుడే నన్ను కొట్టబోతున్నాడని మనిషి అనుకునేలా సైగ చేసినా, సన్నాహం చేసినా అసాల్టే. చెయ్యి తగలక్కర్లేదు. చట్టంలోనే ఇచ్చిన ఉదాహరణ ఒకటి భలే ఉంటుంది: కరిచే కుక్క మూతికి కట్టిన చిక్కాన్ని ఎదుటివాడు భయపడాలని విప్పడం మొదలుపెడితే చాలు. ఉత్త మాటలు మాత్రం అసాల్ట్ కావు. అయితే సైగకు ఆ అర్థం వచ్చేలా మాట తోడైతే అవుతుంది.

మాట తోడై దాన్ని తీసేయనూవచ్చు. 1669లో ఇంగ్లండులో టర్బర్‌విల్, సావేజ్‌ల మధ్య ఒక కేసు నడిచింది. ఒకాయన కత్తి పిడి మీద చెయ్యి వేసి, న్యాయమూర్తులు ఊళ్లో లేకపోతే నీ మాటలు పడి ఉండేవాణ్ని కాదన్నాడు. అంటే ఇప్పుడు కొట్టనని తనే చెప్పినట్టు! అసాల్ట్ కాదని తేల్చారు. బెంజి సర్కిల్ దగ్గర బండి బండి రాసుకున్నప్పుడు ‘పోలీసులున్నారు కాబట్టి బతికిపోయావ్’ అనేవాడూ ఆ కత్తాయన కోవలోవాడే.

దెబ్బ పడితే ఇంగ్లిషు చట్టంలో దాని పేరు బ్యాటరీ. కొట్టడం అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. ఫిరంగుల వరుసనూ బ్యాటరీ అన్నారు. 18వ శతాబ్దంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కరెంటు నిలవచేసే గాజు జాడీలను వరుసగా కలిపి ఆ పేరే పెట్టాడు. ఆటోనగర్లో మనం మార్పించుకునే బ్యాటరీకి ఆ పేరు అక్కణ్నుంచే వచ్చింది. మన చట్టం ఈ మాట జోలికి పోలేదు, ‘క్రిమినల్ ఫోర్స్’ అంది.

వాడుకలో మనవాళ్లు జారేది ఒక్కచోటే. తెలుగులో ‘మీద’ దాడి చేస్తాం కాబట్టి ‘హి అసాల్టెడ్ ఆన్ మి’ అని రాసేస్తాం. క్రియకు ‘ఆన్’ అక్కర్లేదు: ‘హి అసాల్టెడ్ మి’. నామవాచకమైతేనే కావాలి: ‘ది అసాల్ట్ ఆన్ ది డ్రైవర్’. దెబ్బలాట లేనిచోట కూడా వస్తుంది. మార్చిలో గుంటూరు మిర్చి యార్డులోకి అడుగుపెట్టగానే గొంతు పట్టేసి, కళ్లు మండి, వరసగా తుమ్ములొస్తాయి కదా, దాన్ని ‘యాన్ అసాల్ట్ ఆన్ ది సెన్సెస్’ అనవచ్చు.

అభ్యాసం. ‘బస్టాండులో కండక్టరు మీద దాడి చేశారు’ – ఇంగ్లిషులో క్రియతో ఒకసారి, నామవాచకంతో ఒకసారి రాయండి. తర్వాత ఈ రెండింటిలో ఏది 130 కిందికి వస్తుందో, ఎందుకో రాయండి: కర్ర ఎత్తి ‘ఇప్పుడు చూడు’ అన్నవాడు, పిడికిలి బిగించి ‘మా బావ పక్కనున్నాడు కాబట్టి ఊరుకుంటున్నా’ అన్నవాడు. జవాబులు వచ్చే భాగంలో, ‘రెయిడ్’తో పాటు.